ఒకే రూల్ నాలుగు చోట్ల రాసినందుకు 18 గుంటలు గల్లంతు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆన్‌లైన్ దరఖాస్తులు రిజెక్ట్ అవుతున్నాయని, రైతులు, విద్యార్థులు నెట్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారని మీ పత్రికలో తరచూ వార్తలు వస్తుంటాయి. ప్రతిసారీ చివర్లో "సాంకేతిక లోపం" అన్న మాట ఒకటి ఉంటుంది, వార్త అక్కడితో ఆగిపోతుంది. ఆ మాట వెనక అసలు ఏం జరుగుతుందో మామూలు పాఠకులకు కూడా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను హనుమకొండలో ఉంటాను, చాలా ఏళ్లుగా ప్రోగ్రామింగే నా పని, అందులోనూ ఎక్కువ భాగం ఫారాల వెనక ఉండే చెకింగ్ రాయడం. ఫారంలో నింపింది సరిగ్గా ఉందా లేదా అని చూసే రూల్స్ పట్టికను మేం స్కీమా అంటాం, అలా చూడటాన్ని వాలిడేషన్ అంటాం. సర్వర్ డౌన్ అయితే అందరికీ తెలుస్తుంది, గంటకో పూటకో మళ్లీ వస్తుంది. ఈ రూల్స్ తప్పుగా రాస్తే మాత్రం స్క్రీన్ మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తూ నెలల తరబడి తప్పు లెక్కలు పోతూనే ఉంటాయి.

నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. అప్పట్లో నేను పనిచేసే చిన్న సంస్థకు, పత్తి కొనేవాళ్ల కోసం రైతుల రిజిస్ట్రేషన్ ఫారం చేసే పని వచ్చింది. రైతుల్లో నాలుగు రకాలు పెట్టుకున్నాం. సొంత పట్టా ఉన్నవాళ్లు, కౌలుకు చేసేవాళ్లు, అన్నదమ్ములతో కలిపి ఉమ్మడి పట్టా ఉన్నవాళ్లు, పట్టాదారు చనిపోయి ఫౌతి ఇంకా కాని, అంటే భూమి తమ పేరు మీదికి ఇంకా మారని వారసులు. టైమ్ తక్కువ, పైనుంచి టెన్షన్. ముందు సొంత పట్టా ఫారం రాశాం, ముప్పై కాలమ్‌లు. దాన్ని మొత్తం కాపీ చేసి, పట్టాదారు పాసుపుస్తకం నంబర్ తీసేసి, భూమి యజమాని పేరు, కౌలు కాలం చేరిస్తే కౌలు రైతు ఫారం అయింది. మళ్లీ కాపీ, ఉమ్మడి పట్టా. మళ్లీ కాపీ, వారసులు. ఒక్క మధ్యాహ్నంలో నాలుగూ పూర్తయ్యాయి, అందరం సంతోషంగా ఇంటికి వెళ్లాం. ముప్పైలో ఇరవై నాలుగు కాలమ్‌లు నాలుగింటిలోనూ ఒకటే. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్, ఆధార్, బ్యాంకు ఖాతా, సర్వే నంబర్, విస్తీర్ణం, ఇలా.

ఈ విస్తీర్ణం దగ్గరే దెబ్బ తగిలింది. మన దగ్గర భూమి ఎకరాల్లో, గుంటల్లో రాస్తారు, నలభై గుంటలు ఒక ఎకరం. కాగితం మీద 2.20 అని ఉంటే అది రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. రైతు ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఇది చెప్పాల్సిన పని లేదు. కానీ కంప్యూటర్‌కు 2.20 అంటే రెండు పాయింట్ రెండు, అంతే. మేం మొదట రాసినప్పుడు దాన్ని మామూలు దశాంశంగానే రాశాం. నాలుగు రోజులకు ఒక పెద్దాయన తన రసీదు చూసి, "బిడ్డా, నా ఎకరంన్నర ఎకరం ఎనిమిది గుంటలెట్ల అయింది" అని నిలదీశాడు. ఆయన సొంత పట్టా రైతు. 1.20 అని నింపితే మా ప్రోగ్రామ్ దాన్ని 1.2 ఎకరాలుగా తీసుకుంది. వెంటనే సరిచేశాం, పాయింట్ తర్వాత రెండు అంకెలు తప్పకుండా ఉండాలి, అవి 00 నుంచి 39 లోపే ఉండాలి, వాటిని గుంటలుగానే లెక్కపెట్టాలి అని రూల్ మార్చాం. సొంత పట్టా ఫారంలో మార్చాం. మిగతా మూడు కాపీలు ఆ సాయంత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మూడు వారాల తర్వాత పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు ట్రాక్టర్‌తో గేటు దగ్గర నిలబడి ఉన్నాడని ఫోన్ వచ్చింది. ఆయన కౌలుకు చేస్తున్నది 1.30, అంటే డెబ్బై గుంటలు. మా కౌలు ఫారంలో అది 1.3 ఎకరాలు, అంటే యాభై రెండు గుంటలు. ఎకరానికి ఇన్ని క్వింటాళ్లని లెక్క కట్టి కొంటారు కాబట్టి పద్దెనిమిది గుంటల పత్తి కాగితం మీద లేనేలేదు. తెచ్చిన పత్తిలో కొంత దించుకోమన్నారు, మిగతాది వెనక్కి తీసుకుపొమ్మన్నారు. ట్రాక్టర్ కిరాయి ఆయనదే, హమాలీ ఆయనదే, పోయిన రోజు ఆయనదే. ఆయన అబద్ధం చెప్పలేదు, ఫారం తప్పు నింపలేదు, గేటు దగ్గర ఉన్నతనూ తప్పు చేయలేదు, స్క్రీన్ మీద ఉన్నదే చదివాడు. తప్పు మాది. ఒకే రూల్‌ను నాలుగు చోట్ల రాసి, ఒక చోట మాత్రమే దిద్దిన తప్పు. ఆ రోజు నుంచి ఈ విషయం నాకు కేవలం ఉద్యోగానికి సంబంధించినదిగా అనిపించడం లేదు.

ఇది మా ఒక్కరి కథేనని అనుకోకండి. నేను తర్వాత చూసిన ఫారాల్లో సగానికి పైగా ఇలాగే కాపీ మీద కాపీగా పెరిగినవే. అందులోనూ మన తెలంగాణలో ఫారాల్లో రాసే వివరాలే ఎంత తరచుగా మారాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 2014లో రాష్ట్రం వచ్చింది, బండి నంబర్‌లో ఏపీ పోయి టీఎస్ వచ్చింది. 2016 దసరా రోజున పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, ఒక్క వరంగల్ జిల్లానే అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని విడిపోయింది. 2019లో ములుగు, నారాయణపేట కొత్తగా చేరి ముప్పై మూడు అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బ్యాంకులు కూడా అంతే. ఎస్‌బీహెచ్, అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2017లో ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, మన పల్లెల్లో అందరికీ ఖాతా ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి.

ఈ మార్పులు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక ప్రోగ్రామర్ కూర్చుని జిల్లాల పట్టిక, బండి నంబర్ రూల్, బ్యాంకుల పట్టిక మార్చాలి. ఆ పట్టిక ఒక్క చోట ఉంటే పది నిమిషాల పని. పదకొండు చోట్ల ఉంటే ఒకటి రెండు తప్పకుండా మిగిలిపోతాయి, ఆ మిగిలినవే నెట్ సెంటర్‌లో మనకు తగులుతాయి. పైన ఇంటి చిరునామాలో హనుమకొండ జిల్లా తీసుకుంటుంది, కిందికి వచ్చి కాలేజీ చిరునామా నింపేటప్పుడు చూస్తే పట్టికలో ఇంకా వరంగల్ అర్బనే ఉంటుంది. చూసిన తల్లిదండ్రులు తామే ఏదో తప్పు చేశామని భయపడతారు, పిల్లలు రెండోసారి, మూడోసారి నింపుతారు. బండి నంబర్ సంగతి ఇంకో రకం. రోడ్డు మీద ఏపీ 36 ట్రాక్టర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, టీఎస్ 03 బండ్లు బోలెడు ఉన్నాయి, కొత్తవి టీజీతో వస్తున్నాయి, మూడూ చెల్లేవే. ఒక కాపీలో టీజీ చేర్చి టీఎస్ తీసేసినవాళ్లు ఉన్నారు, ఇంకో కాపీలో అసలు టీజీ చేర్చనివాళ్లు ఉన్నారు.

మరి ఎలా రాయాలి? కాజీపేట జంక్షన్ తెలిసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే బండి, విజయవాడ వెళ్లే బండి రెండూ కాజీపేట దాకా ఒకే దారిలో వస్తాయి. కాజీపేటలో ఒకటి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా బల్లార్షా వైపు తిరుగుతుంది, ఇంకోటి వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా పోతుంది. ఢిల్లీకి ఒక లైను, విజయవాడకు ఒక లైను అని సికింద్రాబాద్ నుంచే విడివిడిగా వేయలేదు కదా. ఫారం కూడా అలాగే ఉండాలి. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఇరవై నాలుగు కాలమ్‌ల రూల్స్ ఒక్కసారే రాయాలి. ఆ తర్వాత "రైతు కౌలుదారు అయితే" అని ఒక షరతు పెట్టి, దాని కింద కౌలుకు మాత్రమే కావాల్సిన రెండు మూడు రూల్స్ రాయాలి. "వారసుడైతే" అని ఇంకో షరతు, దాని కింద మరణ ధృవీకరణ పత్రం, మిగతా వారసుల పేర్లు. షరతు కింద తేడా తప్ప ఉమ్మడిది ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

దీనికి కొత్తగా ఏదీ కనిపెట్టాల్సిన అవసరం లేదు. ఇలాంటి రూల్స్ రాయడానికి చాలామంది వాడే జేసన్ స్కీమా అనే పద్ధతిలో డ్రాఫ్ట్ 7 అనే వెర్షన్ నుంచే ఇఫ్ (అయితే), దెన్ (అప్పుడు), ఎల్స్ (లేకపోతే) అనే మాటలు ఉన్నాయి. ఉమ్మడి ముక్కకు ఒక పేరు పెట్టి డెఫ్స్ అనే చోట దాచుకోవచ్చు, కావాల్సిన చోటల్లా రెఫ్ అని రాసి ఆ పేరుతో పిలుచుకోవచ్చు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవాళ్లకు జోయి, యప్ లాంటి లైబ్రరీల్లో, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్‌లలో, వెన్ అనే మాట ఇదే పని చేస్తుంది. పనిముట్లు చేతిలో ఉన్నాయి, వాడే అలవాటే లేదు.

మా ఫారాన్ని తిరగరాసినప్పుడు నేను మొదట కంప్యూటర్ ముట్టుకోలేదు. నాలుగు స్కీమాలు ప్రింట్ తీసి, టేబుల్ మీద పక్కపక్కన పరిచి, పెన్సిల్‌తో తేడాలు గీసుకుంటూ పోయాను. అప్పుడు తెలిసింది అసలు విషయం. తేడాలు రెండు రకాలు. కొన్ని కావాలని పెట్టినవి, కౌలుదారుకు పాసుపుస్తకం అడగకపోవడం లాంటివి. కొన్ని మర్చిపోవడం వల్ల వచ్చినవి. సొంత పట్టా ఫారంలో పేరులో చుక్క, ఖాళీ తీసుకుంటుంది, ఉమ్మడి ఫారంలో తీసుకోదు, అంటే ఇంటిపేరు పొడి అక్షరంతో రాసుకునే మనిషి ఉమ్మడి పట్టాదారు అయితే ఆయన పేరే చెల్లదు. ఒక దాంట్లో ఫోన్ తప్పనిసరి, ఇంకో దాంట్లో కాదు. ఎందుకని అడిగితే ఆఫీసులో ఎవరి దగ్గరా జవాబు లేదు. కాపీలుగా రాస్తే ఏది కావాలని పెట్టిన తేడానో, ఏది పొరపాటో రాసినవాళ్లకే తెలియకుండా పోతుంది. మా దగ్గర తేడాలు మొత్తం పదమూడు తేలాయి, అందులో కావాలని పెట్టినవి ఆరే. షరతుల కింద తేడాలు మాత్రమే రాసుకుంటే, అక్కడ ఉన్న ప్రతి మాటా కావాలని రాసిందేనని చూడగానే తెలుస్తుంది.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యమైనది. మన దగ్గర చాలామంది రైతులు ఒకే రకంలోకి రారు. సొంతంగా రెండెకరాలు ఉంటుంది, పక్కవాళ్లది మూడెకరాలు కౌలుకు చేస్తారు. మా నాలుగు ఫారాల్లో ఆయనకు చోటే లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి, రెండోది వదులుకోవాలి. కాపీల పద్ధతిలో అయితే ఆయన కోసం ఐదో ఫారం రాయాలి, సొంతంతో పాటు ఉమ్మడి కూడా ఉంటే ఆరోది, అలా నాలుగు రకాల కలయికలన్నీ లెక్కేస్తే పదిహేను ఫారాలు. ఎవరూ రాయరు, అందుకే అలాంటి రైతు బయటే ఉండిపోతాడు. నాలుగు షరతులు ఒకదానికొకటి సంబంధం లేకుండా విడివిడిగా రాస్తే, కౌలు, సొంతం రెండింటికీ టిక్ పెట్టిన మనిషికి రెండు షరతులూ వర్తిస్తాయి, రెండింటి వివరాలూ అడుగుతుంది. కొత్త ఫారం అక్కర్లేదు.

ఇక్కడ తోటి ప్రోగ్రామర్లకు రెండు మాటలు చెప్పాలి, మిగతా పాఠకులు కాస్త ఓపిక పట్టండి. చాలామంది ఇలాంటి చోట జేసన్ స్కీమాలోని వన్ఆఫ్ అనే మాట వాడతారు. వన్ఆఫ్ అంటే ఇచ్చిన వాటిలో సరిగ్గా ఒక్కటే సరిపోవాలి, రెండు సరిపోయినా తప్పే, కాబట్టి సొంతం, కౌలు రెండూ ఉన్న రైతును అది బయటికి నెట్టేస్తుంది. పైగా ఏ చిన్న తప్పు ఉన్నా నాలుగు కొమ్మల్లోని తప్పులన్నీ కలిపి చూపిస్తుంది. కౌలు రైతు ఫోన్ నంబర్‌లో ఒక అంకె తక్కువైతే "మరణ ధృవీకరణ పత్రం జతచేయలేదు" అని కూడా వస్తుంది. ఒక నెట్ సెంటర్ కుర్రాడు ఫోన్ చేసి, "సార్, వీళ్లింట్లో ఎవరూ చనిపోలేదు, ఆ పత్రం ఎక్కడినుంచి తేవాలి" అని అడిగాడు, పక్కనే ఆ ఇంటి ఆడమనిషి ఏడుస్తున్నట్టు వినిపించింది. తప్పుడు మెసేజ్ మనుషుల్ని ఎంత కలవరపెడుతుందో రాసేవాళ్లు ఆలోచించాలి. దాని బదులు, కింద రాసినవన్నీ చూడమని చెప్పే ఆల్ఆఫ్ కింద ఒక్కో షరతుకు ఒక్కో ఇఫ్, దెన్ జంట పెట్టండి, ఏ షరతు వర్తిస్తే దాని తప్పు మాత్రమే బయటికి వస్తుంది.

ఇఫ్ రాసేటప్పుడు ఒక గుంత ఉంది, నేనూ అందులో పడ్డాను. "రకం అనే కాలమ్‌లో కౌలు అని ఉంటే" అని షరతు పెడతాం. ఆ కాలమ్ అసలు నింపకుండానే వదిలేస్తే ఏమవుతుంది? షరతు తప్పుతుందని మనం అనుకుంటాం. కానీ జేసన్ స్కీమా ప్రకారం, దరఖాస్తులో లేని కాలమ్ గురించి పెట్టిన రూల్ తప్పినట్టు లెక్క కాదు, కాబట్టి షరతు సరిపోయినట్టే తీసుకుని దెన్ కింద ఉన్నవన్నీ అడగడం మొదలుపెడుతుంది. రకం నింపని మనిషిని "మీ భూమి యజమాని పేరు ఇవ్వండి, మీ వారసుల పేర్లు ఇవ్వండి" అని ఒకేసారి అడుగుతుంది, "మీరు రకం ఎంచుకోలేదు" అన్న అసలు మాట ఆ గోలలో కిందెక్కడో ఉంటుంది. ఇఫ్ లోపల కూడా ఆ కాలమ్ తప్పనిసరి, అంటే రిక్వైర్డ్, అని రాస్తేనే అది సరిగ్గా పనిచేస్తుంది. ఒక్క లైన్. ఆ ఒక్క లైన్ లేని ఫారాలు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

రెండో గుంత "ఇవి తప్ప వేరే కాలమ్‌లు రాకూడదు" అనే రూల్. ఉమ్మడి ముక్కలో అడిషనల్ ప్రాపర్టీస్, అంటే అదనపు కాలమ్‌లు, వద్దని రాస్తే, గేటు దగ్గర కాపలాదారు తన చేతిలో ఉన్న పేర్ల పట్టిక మాత్రమే చూసినట్టు, అది తన ఇరవై నాలుగు కాలమ్‌లే చూసుకుని, షరతు కింద వచ్చిన భూమి యజమాని పేరును కొత్త మనిషిలా ఆపేస్తుంది. ఈ చిక్కు వల్లే చాలామంది విసిగిపోయి మళ్లీ కాపీలకు పోతారు. జేసన్ స్కీమా 2019-09 వెర్షన్‌లో దీనికోసమే అన్ఎవాల్యుయేటెడ్ ప్రాపర్టీస్ అనే మాట వచ్చింది, అది షరతుల కింద చూసిన కాలమ్‌లను కూడా లెక్కలోకి తీసుకుని, ఎవరూ చూడనిది మిగిలితేనే ఆపుతుంది. పాత డ్రాఫ్ట్ 7లోనే ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, రెఫ్ రాసిన చోటే దాని పక్కన ఇంకేం రూల్ రాసినా అది పట్టించుకోదు, తప్పు కూడా చూపించదు. ఆ పక్క రూల్ పనిచేస్తోందని నమ్మి మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

అలాగని ఒకేలా కనిపించిన ప్రతిదాన్నీ కలిపేయమని నేను అనడం లేదు. పిన్‌కోడ్ ఆరు అంకెలు, ఓటీపీ కూడా తరచుగా ఆరు అంకెలే. రెండూ ఒకటేనని ఒకే రూల్ పెడితే, పిన్‌కోడ్ సున్నాతో మొదలవదు కాబట్టి ఆ రూల్ ఓటీపీ మీద కూడా పడి, సున్నాతో మొదలైన ఓటీపీ వచ్చిన మనిషి లోపలికే రాలేడు. రైతు ఫోన్, భూమి యజమాని ఫోన్ రెండూ పది అంకెలు, ఆరు నుంచి తొమ్మిదిలోపు అంకెతోనే మొదలవ్వాలి, అంతవరకు ఒకటే రూల్. కానీ "ఈ నంబర్‌తో ఇదివరకే ఎవరూ రిజిస్టర్ అయి ఉండకూడదు" అన్నది రైతుకే, యజమానికి కాదు, ఎందుకంటే ఒకే యజమాని భూమిని ముగ్గురు కౌలుకు చేయవచ్చు. ఒక కారణం వల్ల రెండూ కలిసే మారతాయా అని చూసుకోవాలి, మారితే కలపాలి, లేకపోతే ఇవాళ ఒకేలా ఉన్నా విడిగానే ఉంచాలి. షరతు లోపల షరతు, దాని లోపల ఇంకో షరతు పెట్టుకుంటూ పోతే అది కూడా ఎవరికీ అర్థం కాని చిక్కుముడి అవుతుంది. రెండు రకాల దరఖాస్తుదారుల మధ్య ఉమ్మడి కాలమ్‌లు నాలుగైదు మించి లేకపోతే రెండు ఫారాలు పెట్టుకోవడమే మేలు, ఇది నా అభిప్రాయం.

కాపీ పేస్ట్ తొందరగా అవుతుందని, ఇదంతా చేయడానికి టైమ్ లేదని మేనేజర్లు అంటారు. మాకు ఆ నాలుగు కాపీలు ఒక మధ్యాహ్నంలో అయ్యాయి, నిజమే. వాటిని ఒకటిగా చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ లోపు పోయిన పత్తి లెక్కలు మేం సరిచేయలేకపోయాం. మొదటే షరతులతో రాసి ఉంటే మహా అయితే ఇంకో రోజు పట్టేది.

ఇంకా ఒక కాపీ ఉంది, అది అందరూ మర్చిపోయేది. అదే రూల్ బ్రౌజర్‌లో ఒకసారి, ఫోన్ యాప్‌లో ఒకసారి, సర్వర్‌లో ఒకసారి రాస్తారు, మూడింటినీ ముగ్గురు వేర్వేరు మనుషులు రాస్తారు. యాప్‌లో ఓకే అయిన దరఖాస్తు సర్వర్‌లో ఎర్రర్ రావడానికి చాలాసార్లు కారణం ఇదే. రూల్స్ ఫైల్ ఒకటే పెట్టుకుని మూడు చోట్లా దాన్నే చదివించవచ్చు, జేసన్ స్కీమా మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి జావా అయినా పైథాన్ అయినా జావాస్క్రిప్ట్ అయినా దాన్ని చదివే లైబ్రరీలు ఉన్నాయి.

అందుకే మీ పత్రిక ద్వారా కొందరిని అడగాలనుకుంటున్నాను. ప్రజల కోసం ఆన్‌లైన్ ఫారాలు చేయించే ఆఫీసుల వారు, టెండర్ ఇచ్చేటప్పుడు స్క్రీన్ ఎలా కనిపించాలో పది పేజీలు రాస్తున్నారు, దానితో పాటు రూల్స్ అన్నీ ఒక్క ఫైల్‌లో ఉండాలని, ఆ ఫైల్ ఆఫీసుకు అప్పగించాలని ఒక్క వాక్యం చేర్చండి. వీలైతే ఆ ఫైల్‌ను అందరూ చూసేలా పెట్టండి. అందులో రహస్యమేమీ ఉండదు, ఎవరి వివరాలూ ఉండవు, ఏ కాలమ్‌లో ఏం చెల్లుతుందో మాత్రమే ఉంటుంది. అలా పెట్టి ఉంటే మా గుంటల తప్పును ఆ పెద్దాయన కంటే ముందే ఏ వీఆర్వో గారో, ఏ రైతు కొడుకో పట్టుకునేవాడు.

వరంగల్ ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకు కూడా నా విన్నపం. 1959 నుంచి ఇంజనీర్లను తయారుచేస్తున్న ఊరు మనది. పిల్లలకు లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్ అని ఏళ్ల తరబడి ఇచ్చే ప్రాజెక్టుల బదులు, ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లి అక్కడ రైతు చేతిలో ఉన్న ఒక నిజమైన కాగితం తీసుకుని దానికి స్కీమా రాయమనండి. మిర్చి తెచ్చినతనికి ఒక రకం వివరాలు, పత్తి తెచ్చినతనికి ఇంకో రకం, సొంతంగా వచ్చినతనికి ఒకటి, అడ్తిదారు ద్వారా వచ్చినతనికి ఇంకొకటి. కాపీ లేకుండా రాయండి అని ఒక్క నిబంధన పెట్టండి. సెమిస్టర్ అంతా చెప్పినా రానిది అక్కడ వారంలో వస్తుంది.

మీ విలేకరులను కూడా ఒకటి కోరుతున్నాను. ఇకముందు దరఖాస్తుల రిజెక్షన్ గురించి రాసేటప్పుడు స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఏమిటో ఉన్నది ఉన్నట్టు అచ్చువేయండి. ఏ కాలమ్ దగ్గర ఆగింది, ఏం నింపితే ఆగింది, ఆ రెండు సంగతులు ఉంటే చాలు, ఇక్కడ ఆ పని తెలిసినవాళ్లు వందలమంది ఉన్నాం, తప్పు ఎక్కడుందో చదివినవాళ్లే చెప్పగలరు.

ఇప్పుడు నేను వేరే చోట పనిచేస్తున్నాను. ఏ ఫారం రాసినా దానికి ముందు నమూనా దరఖాస్తులు కొన్ని రాసి పెట్టుకుంటాను, రూల్స్ మార్చిన ప్రతిసారీ అవన్నీ మళ్లీ నడుస్తాయి. భూమి ఉన్న ప్రతి ఫారంలోనూ మొదటి నమూనా కౌలు రైతుదే. విస్తీర్ణం 1.30, రావాల్సిన జవాబు 70 గుంటలు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ప్రోగ్రామర్,
హనుమకొండ.